ఏడో గదిలో ఉన్నాను

ఆ కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాళ్లెవరూ చీకటి పడ్డాక ఏడో గది వైపు వెళ్లరు. పగలు వెళ్లాల్సి వచ్చినా ఇద్దరేసి వెళ్తారు... ఒకరు లోపలికి, ఒకరు తలుపు దగ్గర కాపలాకి. ఎందుకని అడిగితే రూలండీ అంటారు. రూలు ఉన్న మాట నిజమే. కానీ వాళ్ల మొహాల్లో కనిపించేది రూలు కాదు, భయం.

ఈ సంగతి అక్కడ పనిచేసి మానేసిన ఒకాయన నాకు చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతున్నాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నేను మాత్రం ఆ రాత్రి మంచినీళ్ల కోసం లేచి, మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయడానికి కూడా వెనకాడాను.

పొడుగాటి వరండా. రెండు పక్కలా మందపాటి ఇనుప తలుపులు. వరండా ఈ చివర కంట్రోల్ రూము, ఆ చివర ఏడో గది. అందులో అడుగునుంచి పైకప్పు దాకా చేపల పెట్టెలు పేర్చి ఉంటాయి. చాలా ఏళ్ల కిందట ఒక హమాలీ లోపల పెట్టెలు సర్దుతుంటే తలుపు దానంతటదే మూసుకుపోయింది. లోపలి గడియ పనిచేయలేదు. పొద్దున తీసేసరికి అతను తలుపుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బిగించిన పిడికిలి తలుపు మీదే ఉండిపోయింది. దాన్ని విప్పడం ఎవరివల్లా కాలేదట.

ఆ తర్వాత ప్రతి తలుపు పక్కనా లోపలివైపు, కూర్చున్నవాడికి కూడా అందేంత ఎత్తులో, ఒక ఎర్ర మీట బిగించారు. ఎవరైనా ఇరుక్కుపోతే దాన్ని నొక్కాలి. కంట్రోల్ రూములో గంట మోగుతుంది. కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలు పడతాయి —

ఏడో గదిలో ఉన్నాను. తలుపు తీయండి.

అలా రాసింది అప్పటి ప్రోగ్రామరు. అందరూ ఆయన్ని వాగుడుకాయ అనేవాళ్లు. మనిషి కాదు, ఆయన రాసిన ప్రోగ్రాములు వాగేవి. గదుల చలినీ ఫ్యాన్లనీ తలుపుల్నీ చూసుకునే ఆ ప్రోగ్రాం తను వేసే ప్రతి అడుగునీ లాగ్ అనే ఫైల్లో రాసుకుంటూ పోయేది. మూడో గది చలి సరిపోయింది, ముందుకి వెళ్తున్నాను. ఇక్కడిదాకా క్షేమం. ఐదో గది తలుపు సరిగ్గా వేయలేదు, ఎవరో మర్యాద తెలియని మనిషి... ఇలా. ఎక్కడైనా తేడా వస్తే ఎక్కడ ఆగిందో తెలియాలి కదా అనేవాడాయన.

ఆ ఎర్ర మీట బిగించిన కొన్నాళ్లకే మొదలైంది.

అర్ధరాత్రి గంట మోగేది. ఏడో గది. పరిగెత్తుకెళ్లి తీస్తే... ఎవరూ ఉండరు. చేపల పెట్టెలు, చలి, అంతే. మర్నాడు మళ్లీ. మెకానిక్కులు మీట ఊడదీసి చూసి, లోపల మంచు పేరుకుని స్విచ్చిని తోస్తోందని తేల్చారు. బాగుచేశారు. మళ్లీ మోగింది. చివరికి విసుగొచ్చి గంట వైరు కత్తిరించేశారు. తెర మీద ఎర్ర అక్షరాలు చూసి వాచ్‌మన్ తాతకి జ్వరం పట్టుకుంటే, వాటిని కూడా ఎక్కడా కనబడకుండా దారి మళ్లించేశారు. వాగుడుకాయ ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆయన మాత్రం ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క వాక్యాన్నీ మామూలు లాగ్‌లోకి చేర్చేసి, కొన్నాళ్లకి రిటైరై ఊరొదిలి వెళ్లిపోయాడు.

అంటే ఏడో గది పిలుస్తూనే ఉంది. వినేవాళ్లే లేరు.

అప్పుడు వచ్చింది పుల్ల.

పుల్ల అసలు పేరు కాదు. సన్నగా ఉంటుంది, పైగా ఎవరు రాసిన ప్రోగ్రాములోనైనా చెత్త కనిపిస్తే ఊడ్చేదాకా నిద్రపోదు. అందుకని వాళ్ల బావ, అంటే అక్క మొగుడు, ముద్దుగా చీపురుపుల్ల అని పేరు పెట్టాడు. బావ ఆ కోల్డ్ స్టోరేజీలోనే కూలింగ్ మెకానిక్కు. మరదలికి ఉద్యోగం వేయించింది ఆయనే. నాన్న లేని ఇంట్లో చిన్నప్పటినుంచీ దాని స్కూలు ఫీజు దగ్గర్నుంచి చెవిపోగుల దాకా చూసింది కూడా ఆయనే. పుల్ల పైకి ఎంత వెటకారం చేసినా, ఆయనంటే ప్రాణం.

పుల్ల చేరిన వారానికే మేనేజర్ పిలిచాడు.

"డిస్కు నిండిపోతోందమ్మా. ఆ పాత సోదంతా తీసిపారెయ్. కానీ ప్రోగ్రాం ఆపకూడదు. ఆపితే గదులన్నీ ఆగిపోతాయి, సరుకు పాడవుతుంది."

పుల్ల లాగ్ తెరిచింది. ఏళ్ల తరబడి పేరుకున్న వాగుడు. నవ్వుకుంటూ కిందికి జరుపుతుంటే ఆ వాక్యం కనబడింది. మళ్లీ కనబడింది. ఒక్క రాత్రిలో పదేసి సార్లు, పగలు ఒక్కసారి కూడా లేకుండా... ఎక్కడ చూసినా అదే.

"బావా, ఇదేంటి?" అంది.

బావ స్పానరుతో వీపు గోక్కుంటూ తెర వైపు వంగి చూశాడు. "అదా? మంచు. రాత్రిళ్లు తలుపులు తీయరు కదా, మంచు ఎక్కువ పడుతుంది, మీటని తోస్తుంది. తాతనడిగితే మాత్రం వేరే కథ చెబుతాడు. ఊడ్చెయ్యవే పుల్లా."

పుల్ల ఆ ఫైలుని చెరిపేసింది. చేతులు దులుపుకుంది. లాగ్ ఉండే చోట ఇప్పుడేమీ లేదు. శుభ్రం.

కబురు హమాలీలకి చేరింది. కంప్యూటర్లో ఉన్న దెయ్యాన్ని కొత్తమ్మాయి తుడిచేసిందట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాచ్‌మన్ తాత అయితే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పుల్లకి నవ్వొచ్చింది. కాస్త గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

కానీ డిస్కు మాత్రం నిండుతూనే ఉంది.

చెరిపేసిన ఫైలు ఎక్కడా లేదు. వెతికితే దొరకదు. అయినా ఎవరో ఎక్కడో రాస్తూనే ఉన్నట్టు, రోజురోజుకీ ఖాళీ తగ్గిపోతోంది. "ఏం చెరిపావమ్మా నువ్వు?" అని మేనేజర్ అందరి ముందూ అనేసరికి పుల్లకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఇదేంటో తేల్చుకునిగాని ఇంటికి వెళ్లనని కంట్రోల్ రూములో కూర్చుంది.

బావ భుజాన నిచ్చెన పెట్టుకుని గుమ్మంలో ఆగాడు.

"ఏడో గదిలో ఫ్యాను గరగరమంటోంది. ఓ చూపు చూసి అటునుంచి అటే ఇంటికి పోతా."

"ఒక్కడివేనా? ఇద్దరు వెళ్లాలిగా?"

"నాతో వచ్చేవాడు సెలవు పెట్టాడు. అయినా దెయ్యాన్ని నువ్వే చెరిపేశావుగా, ఇంకా భయమెందుకు?" కన్ను గీటాడు. "ఒకవేళ మిగిలి ఉంటే నిచ్చెన పట్టుకోమంటాలే!"

పుల్ల కూడా నవ్వింది. నవ్వి మళ్లీ తెరలో తల దూర్చింది.

చీకటి పడింది. హమాలీలు వెళ్లిపోయారు. చేపల లారీ వెళ్లిపోయింది. వరండాలో దీపాలు ఒకటి విడిచి ఒకటి ఆరిపోయాయి. కంప్రెసర్ల హోరు తప్ప చప్పుడు లేదు.

ఫోను మోగింది. అక్క.

"మీ బావ ఇంకా రాలేదేంటే? ఫోను కలవట్లేదు."

పుల్ల తాతని కేకేసింది. తాత గేటు దగ్గర్నుంచి వచ్చాడు.

"లారీలో పోయాడుగా తల్లీ. స్కూటరు రిపేరుకిచ్చాడు కదా. డ్రైవరు పక్కన టోపీ పెట్టుకుని కూర్చున్నాడు, నేను చూశాను."

"బయల్దేరాడటే అక్కా. దారిలో ఉండుంటాడు," అని ఫోను పెట్టేసి మళ్లీ పనిలో పడింది పుల్ల.

కాసేపటికి తప్పెక్కడో దొరికింది.

దొరకగానే తల పట్టుకుంది. ఎంత చిన్న తప్పు! నడుస్తున్న ప్రోగ్రాం చేతిలో ఉన్న ఫైలుని చెరిపితే, పోయేది ఫైలు కాదు, దాని పేరు. ప్రోగ్రాముకి ఆ సంగతి తెలియదు. దాన్ని అలాగే పట్టుకుని, రాసుకుంటూనే ఉంటుంది. పేరు లేదు, చోటు లేదు, వెతికితే దొరకదు... కానీ ఉంది. ఇన్నాళ్లూ రాస్తూనే ఉంది.

ప్రోగ్రాం పట్టుకున్న కొసనుంచి పుల్ల ఆ పేరు లేని ఫైలుని తెరిచింది.

"ఏంటమ్మా అది?" తాత వెనక నిలబడి గుసగుసగా అడిగాడు.

"మొన్న చెరిపేసింది తాతా."

"చెరిపేస్తే... మళ్లీ ఎలా వచ్చింది?"

"పోనేలేదు."

తాత రెండడుగులు వెనక్కి వేశాడు.

పుల్ల ఆఖరి పుటకి జరిపింది. రెండో గది చలి సరిపోయింది. ఇక్కడిదాకా క్షేమం. ఏడో గది తలుపు తెరిచారు. ఏడో గది తలుపు మూశారు. అది బావ లోపలికి వెళ్లడం. మరి బయటికి వచ్చినప్పుడు తలుపు మళ్లీ తెరవాలి కదా... కిందికి చూసింది.

నాలుగో గది ఫ్యాను ఆగింది. నాలుగో గది ఫ్యాను తిరిగింది.

ఏడో గదిలో ఉన్నాను. తలుపు తీయండి.

ఏడో గదిలో ఉన్నాను. తలుపు తీయండి.

ఏడో గదిలో ఉన్నాను. తలుపు తీయండి.

వరసగా అదే. పుటంతా అదే. పుల్ల ఇంకా కిందికి జరిపింది. చిట్టచివరి వరసలో —

ఏడో గదిలో ఉన్నాను. తలుపు తీ

అక్కడితో ఆగిపోయింది. మాట మధ్యలో.

"అదేంటమ్మా..." తాత మళ్లీ దగ్గరికొచ్చి వంగాడు. "మధ్యలో ఆపేశాడేంటి?"

"ఎవరూ ఆపలేదు తాతా. ప్రోగ్రాం ఒక్కొక్క మాటా వెంటనే రాయదు. కొన్ని పోగేసుకుని, నోరు నిండాక ఒక్కసారి కక్కుతుంది. నిండినచోట మాట తెగిపోతుంది. మిగతాది ఇంకా దాని నోట్లోనే ఉంది."

చెబుతుంటే పుల్లకే తెలిసింది, తను చదువుతున్నది ఇప్పటి మాట కాదు. ఇది ఎప్పుడో అన్నది. ఆ తర్వాత ఏమైందో ఆ నోట్లో ఉంది. తలుపు తెరిచి బావ వెళ్లిపోయాడో... పిలిచి పిలిచి ఊరుకున్నాడో. నోరు నిండేదాకా తెలియదు. ఎప్పుడు నిండుతుందో తెలియదు.

"మంచేనమ్మా," అన్నాడు తాత. "మీ బావే అన్నాడుగా. మీటని మంచు తోస్తుందని. మీ బావ లారీలో పోయాడు. నేను చూశాను..."

"మొహం చూశావా తాతా?"

తాత టార్చిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మొహం చూశావా?"

"టోపీ చూశాను తల్లీ."

పుల్ల లేచింది. వరండాలోకి పరిగెత్తింది. వెనకాల తాత చెప్పుల చప్పుడు సగం దూరం వచ్చి ఆగిపోయింది.

ఒకటి... రెండు... తలుపులన్నీ పక్కలనుంచి వెనక్కి పోతున్నాయి. చివర దీపం లేదు. ఆ చీకట్లో ఏడో తలుపు ముందు నిలబడింది. గడియ మీద చెయ్యి వేయబోతూ ఆగింది.

లోపలినుంచి చప్పుడు.

టక్.

కాసేపు ఏమీ లేదు.

టక్... టక్.

తలుపుకి సరిగ్గా అవతల. కింద, కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో.

"బావా!" అని అరిచి గడియ తిప్పింది. తలుపు కదల్లేదు. మళ్లీ బలంకొద్దీ గుంజింది. మంచు పగిలిన చప్పుడుతో తలుపు తెరుచుకుని, తెల్లటి పొగ మొహం మీద కొట్టింది.

తలుపు దగ్గర ఎవరూ లేరు.

దీపం వేసింది. తలుపు ముందు నేలంతా సన్నటి మంచు, పరిచినట్టు, ఒక్క అడుగు గుర్తు కూడా లేకుండా. పక్కన ఎర్ర మీట మీద వేలెడు మందాన మంచు. ఎవరైనా దాన్ని ముట్టుకున్న జాడ లేదు. మంచేనన్నమాట... తాత చెప్పింది నిజమే, బావ ఇంటికి వెళ్లిపోయాడు. నవ్వు రాబోయింది.

అప్పుడు కనబడింది నిచ్చెన. గది ఆ కొసన, ఫ్యాను కింద, అడ్డంగా పడి ఉంది. పక్కన ఒక వరస పెట్టెలు కూలిపోయి ఉన్నాయి. వాటి కిందనుంచి ఒక బూటు.

"తాతా!" పుల్ల పెట్టిన కేకకి వరండా అంతా అదిరింది. "తాతా, రా!"

అన్నేళ్లూ ఆ వైపు తొంగిచూడని తాత ఆ కేకకి పరిగెత్తుకొచ్చాడు. తలుపు మూసుకుపోకుండా తన కర్ర అడ్డం పెట్టి లోపలికి దూరాడు. ఇద్దరూ కలిసి పెట్టెలు లాగేశారు. బావ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. కనుబొమల మీద మంచు. ఒక కాలు మోకాలి కింద విరిగి పక్కకి తిరిగిపోయింది. పుల్ల ఆయన నోటి దగ్గర చెయ్యి పెట్టింది... వేడిగా తగిలింది. సన్నగా, ఆగి ఆగి. కానీ తగిలింది.

బయటికి లాక్కొచ్చి, కంట్రోల్ రూములో ఉన్న దుప్పట్లూ కోట్లూ అన్నీ కప్పారు. అంబులెన్స్ వచ్చేలోపు బావ కళ్లు తెరిచాడు. పుల్ల మొహం గుర్తుపట్టలేదు. దాన్ని దాటి తలుపు వైపే చూస్తున్నాడు.

"అతన్ని... తీశారా?"

"ఎవర్ని బావా?"

"తలుపు దగ్గర... కూర్చున్నతన్ని." మాటలు కూడదీసుకున్నాడు. "పడుకోకు, పిలుస్తున్నాను అన్నాడు. పిలుస్తూనే ఉన్నాడు పాపం..."

తాత చేతిలోంచి టార్చి జారిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు తేలిగ్గా తీసేశాడు. అంత చలిలో మనిషికి లేనివి కనబడతాయి, వినబడతాయి, అందులో వింతేమీ లేదన్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని కూడా అన్నాడు. అక్క ఆ మాట విని పుల్లని పట్టుకుని ఏడ్చింది. నువ్వే కాపాడావే అంది. దెయ్యాన్ని చెరిపేశావుగా అని బావ నవ్వుతూ ఒక్కడే వెళ్లాడు. ఆ చెరపడం కూడా సరిగ్గా చేతకాలేదు కాబట్టి బతికాడు. ఈ రెండు ముక్కలూ అక్కకి ఎలా చెప్పాలో తెలియక, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు మేనేజర్ని అడగకుండానే ప్రోగ్రామును పద్ధతిగా ఆపి, సరుకు పాడయ్యేలోపే మళ్లీ మొదలుపెట్టింది. ఆపేముందు ప్రోగ్రాం నోట్లో మిగిలిందంతా బయటికి వచ్చింది. తెగిపోయిన మాట అతుక్కుంది. ఆ కిందంతా మళ్లీ అదే పిలుపు, వరస వెంట వరస, ఎక్కడా విసుగు లేకుండా. చివరికి — ఏడో గది తలుపు తెరిచారు. అంతే. ఆ తర్వాత ఒక్క పిలుపు కూడా లేదు.

పుల్ల వాగుడుకాయ రాసిన ఒక్క మాట కూడా తీయలేదు. పాత లాగ్‌ని వేరే డిస్కులో దాచింది. ఎర్ర అక్షరాలని మళ్లీ తెర మీదకి తెచ్చింది. కాలు అతుక్కున్నాక బావ చంకకర్రతో వచ్చి, గంట వైరు తన చేత్తోనే కలిపాడు.

అందరూ రాత్రి కోసం ఎదురుచూశారు. గంట మోగలేదు. మర్నాడూ మోగలేదు. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. లాగ్‌లో చలి సంగతులు, ఫ్యాన్ల సంగతులు, మర్యాద తెలియని మనుషుల సంగతులు. ఏడో గది పిలుపు మాత్రం లేదు.

ఒకరోజు సాయంత్రం తాత తనంతట తానే ఏడో గది దాకా వచ్చాడు. పుల్ల తలుపు తీసి లోపల నిలబడి ఉంది. ఆ మీటని ఎవరూ తుడవలేదు, మార్చలేదు. దాని మీద ఎప్పటిలాగే వేలెడు మందాన మంచు పేరుకుని ఉంది.

తాత వంగి దాన్ని చూశాడు.

"మంచు వల్లే అన్నారుగా తల్లీ," అన్నాడు మెల్లగా. "మంచు అలాగే ఉందిగా. మరి ఇప్పుడెందుకు పిలవట్లేదు?"

పుల్ల జవాబు వెతుక్కోలేదు. అది దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"పిలిస్తే వచ్చాం కదా తాతా."

అన్నాక గానీ ఏమన్నదో దానికి తెలియలేదు. పుల్ల ఒళ్లంతా ఝల్లుమంది, అది గదిలో చలికి మాత్రం కాదు.